ఫైల్ విరుగుతుంది, మేకు వంగుతుంది: ఏది బలమైనది?

నమస్తే అండి. "గట్టి స్టీల్ వేస్తే వంగదు, అరగదు, విరగదు కదా సార్?" కామెంట్లలో ఇదే ప్రశ్న. మూడూ కలిపి ఒకే గాటన కట్టేస్తుంటే చిరాకేస్తోంది.

ఇదిగో ఆకురాయి, ఫిట్టింగ్ షాపులో ఫైల్ అంటాం. దీంతో మేకును రాస్తే పొడి రాలేది మేకు నుంచే, ఫైల్‌కు ఏమీ కాదు. అది హార్డ్‌నెస్. ఇప్పుడు రెండింటినీ వైస్‌లో బిగించి సుత్తితో కొడితే (కళ్లద్దాలు లేకుండా చేయకండి, ముక్క ఎటు ఎగురుతుందో తెలీదు) మేకు వంగి ఊరుకుంటుంది, ఫైల్ ఫట్‌మని విరుగుతుంది. విరిగేలోపు ఎంత శక్తిని తట్టుకుంటుందన్నది టఫ్‌నెస్. అందులో మేకుదే పైచేయి.

కారణం కార్బన్. మేకులో పావు శాతం లోపే, కాబట్టి పరమాణువుల వరుసలు ఒకదానిమీద ఒకటి జారతాయి. ఫైల్‌లో ఒక శాతానికి అటూ ఇటూ ఉంటుంది, పైగా ఎర్రగా కాల్చి ఒక్కసారిగా చల్లారుస్తారు, దాంతో కార్బన్ ఎక్కడిదక్కడే ఇరుక్కుపోయి వరుసలను కదలనివ్వదు. అందుకే అరగదు, అందుకే పగులు మొదలైతే ఆగదు కూడా. పిడిలోకి దిగే తోకను చూడండి, దాన్ని మాత్రం మెత్తగానే ఉంచుతారు, లేకపోతే పిడి దగ్గరే పుటుక్కుమంటుంది. ఈ ఆలోచన వచ్చినవాడికి దండం పెట్టాలి.

ఇక అసలు గొడవ స్టిఫ్‌నెస్, అంటే బరువు పడితే ఎంత తక్కువ వంగుతుందన్నది. ఫైల్ స్టీల్, మేకు స్టీల్ ఒకే సైజు కడ్డీలుగా తీసుకుని చివర కొద్దిపాటి బరువు (తీసేస్తే మళ్లీ నిటారుగా అయ్యేంత) వేలాడదీస్తే రెండూ దాదాపు ఒకేలా వంగుతాయి! రెండింటి యంగ్స్ మాడ్యులస్, అంటే పదార్థం స్టిఫ్‌నెస్‌ను కొలిచే అంకె, 200 గిగాపాస్కల్స్ దగ్గరే. ఎంత కాల్చి చల్లార్చినా అది పెద్దగా మారదు. అల్యూమినియం అయితే 70. కాబట్టి బట్టల రాడ్ కుంగుతోందని ఖరీదైన స్టీల్ కొనకండి, లావు పెంచండి, గుండ్రటి కడ్డీ వ్యాసం రెట్టింపైతే స్టిఫ్‌నెస్ 16 రెట్లు.

టైమ్ అయిపోతోంది, మిగతా పదార్థాలు గబగబా. సిరామిక్స్‌ది, అంటే పింగాణీ, టైల్స్ లాంటివాటిది, ఫైల్ గుణమే, ఇంకా ముదిరింది. పాలిమర్లు, అంటే మన పీవీసీ పైపుల్లాంటివి, తేలిక, తుప్పు పట్టవు, వేడికి మెత్తబడతాయి. కాంపోజిట్ అంటే రెండు పదార్థాలు కలిపి ఒకదాని లోటును ఇంకొకటి పూడ్చడం: కాంక్రీటు నొక్కితే ఓర్చుకుంటుంది, లాగితే అందులో పదో వంతు బలమే, అందుకే బీమ్‌లో లాగుడు పడే అడుగున ఇనుప రాడ్లు వేస్తాం. గోడ నుంచి బయటికి పొడుచుకొచ్చిన బాల్కనీ స్లాబ్‌లో మాత్రం మెయిన్ రాడ్లు పైన వేస్తారు, ఎందుకో కామెంట్లో రాయండి.