క్లైమేట్ చర్చల్లో ఖాళీ కుర్చీలు

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఎదురుగా ఉన్న విద్యార్థులకు నమస్కారం. మర్యాదలు ఇంతటితో సరి, ఇచ్చిన టైము ఇరవై నిమిషాలే.

ఐక్యరాజ్యసమితి ఏటా జరిపే క్లైమేట్ సదస్సంటే పర్యావరణ శాఖ పని అని మనలో చాలామంది అనుకుంటాం. నా పేచీ అక్కడే. నోడల్ శాఖ, అంటే ఈ పనిని ముందుండి నడిపే శాఖ, పర్యావరణ శాఖే, కాదనను. దాని పేరు చివర ‘వాతావరణ మార్పు’ చేరింది 2014లో. అయితే సదస్సుకు వెళ్లే బృందం అధికార పత్రాల మీద ఆ మంత్రి సంతకం చెల్లదు. దేశాధినేతో, ప్రధానో, విదేశాంగ మంత్రో సంతకం పెట్టాలి. వీలైనంతవరకు సదస్సు మొదలైన 24 గంటల్లోపు ఆ కాగితాలు ఐక్యరాజ్యసమితి సచివాలయానికి చేరాలి. సంతకం ఒక శాఖది, ఫైలు ఇంకో శాఖది. మరి లెక్కలు? బొగ్గు, విద్యుత్, వ్యవసాయం, ఆర్థికం, వీళ్లవి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 2021లో గ్లాస్గో సదస్సులో, భూమిని వేడెక్కించే మీథేన్ వాయువును తగ్గిస్తామని కొన్ని దేశాల ప్రతిజ్ఞ వచ్చింది. మనం చేరలేదు. ఎందుకు? వరి, పశువులు. పొలంలో నీరు నిలబడితే మట్టికి గాలి ఆడదు, అప్పుడు మీథేన్ పుట్టించే సూక్ష్మజీవులు పెరుగుతాయి. తడి, ఆరుదల మార్చి మార్చి పెడితే అది బాగా తగ్గుతుందని పరిశోధనలున్నాయి. బాగానే ఉంది. కాలువ శివారు రైతు ఏం చేయాలి? వంతు ఎప్పుడొస్తుందో తెలియనివాడు ఉన్న నీటిని ఎందుకు తీసేస్తాడు? తీసేశాక వంతు తప్పితే పంట ఎవరిస్తారు? గోదావరి డెల్టాలో ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు. చర్చల గదిలో ఈ మాట చెప్పాల్సింది వ్యవసాయ శాఖ మనిషి. అర్ధరాత్రి బ్రాకెట్లలో ఉన్న, అంటే ఇంకా ఒప్పందం కుదరని వాక్యం మీద ‘ఒప్పుకుంటారా’ అని అడిగినప్పుడు, ఢిల్లీలో ఆ శాఖ నుంచి అభిప్రాయం రాకపోయి ఉంటే, మనవాళ్లు బ్రాకెట్ ఉంచమనడం తప్ప ఏమీ చేయలేరు.

ఇక అజర్‌బైజాన్ రాజధాని బాకూలో జరిగిన సదస్సు. దీని గురించి ఐదు నిమిషాలే అనుకున్నాను, అధ్యక్షులు మన్నించాలి.

2024 నవంబరు 24 తెల్లవారుజాము. వర్ధమాన దేశాలకు క్లైమేట్ నిధులుగా 2035 నాటికి ఏటా 300 బిలియన్ డాలర్లు అనే నిర్ణయం ఆమోదం పొందినట్టు సదస్సు అధ్యక్షుడు ముఖ్తార్ బాబాయెవ్ సుత్తి కొట్టేశారు. వర్ధమాన దేశాలు అడిగింది 1.3 ట్రిలియన్. తర్వాత మైకు అందుకున్న భారత ప్రతినిధి చాందినీ రైనా, ఆమోదానికి ముందే మాట్లాడతామని చెప్పినా అవకాశం ఇవ్వలేదన్నారు. ఆ పత్రం కనికట్టుకు మించి ఏమీ కాదన్నారు. ఆమె ఏ శాఖ అధికారి? ఆర్థిక శాఖ, ఆర్థిక వ్యవహారాల విభాగం సలహాదారు. ఈ సంగతి ఎంతమంది గమనించారో చేతులెత్తండి... సరే.

ఓటింగ్ నియమం మీద దేశాలు ఇప్పటికీ ఒక మాటకు రాలేదు, అంతా ఏకాభిప్రాయంతోనే నడవాలి. ఏకాభిప్రాయం ఉందని ప్రకటించేది మాత్రం అధ్యక్ష స్థానం. సుత్తి పడ్డాక చెప్పిన అభ్యంతరం రికార్డుకెక్కుతుంది, నిర్ణయాన్ని ఆపదు. 2010లో మెక్సికోలోని కాంకున్ సదస్సులో బొలీవియా ముందే వద్దన్నా ఆగలేదు. కాబట్టి పోరాడాల్సింది ఆఖరి రాత్రి కాదు. జూన్‌లో జర్మనీలోని బాన్‌లో జరిగే సన్నాహక సమావేశాల్లో, అంతకంటే ముందు ఢిల్లీలో.

మరి ఆర్థిక శాఖ మనిషే ఎందుకు? ప్రభుత్వ పథకం సొమ్ము చూసినవాళ్లకు ‘మంజూరు’కూ ‘విడుదల’కూ తేడా ఎవరూ నేర్పక్కర్లేదు. 2015లో ధనిక దేశాల కూటమి ఓఈసీడీ, 2014లో వర్ధమాన దేశాలకు క్లైమేట్ నిధులుగా 62 బిలియన్ డాలర్లు సమకూర్చామని లెక్క చూపింది. పారిస్ సదస్సు ముంగిట మన ఆర్థిక శాఖ ఆ లెక్కను విప్పి, నమ్మదగ్గది 2.2 బిలియనే అని రాసింది. తిరిగి కట్టాల్సిన అప్పును కూడా మొత్తానికి మొత్తం సాయంగా రాశారు, మాట ఇచ్చినదాన్ని ఇచ్చేసినట్టు చూపారు. దీన్ని పట్టుకోవాలంటే అడవుల శాస్త్రం చాలదు, పద్దులు చదవడం రావాలి. పారిస్ ఒప్పందం 9వ అధికరణం ధనిక దేశాలు నిధులు ఇచ్చి తీరాలంటుంది. బాకూ నిర్ణయంలో అది వాళ్లు ‘ముందుండి’ అన్ని వనరుల నుంచి, ప్రైవేటుతో సహా, సమీకరించడంగా మారింది. ఇచ్చేవాడి బాధ్యత ఎంత పలచబడిందో చూడండి!

విద్యుత్ శాఖ సంగతి రెండు ముక్కల్లో. గ్లాస్గోలో ప్రధాని ప్రకటించిన 500 గిగావాట్ల శిలాజేతర (బొగ్గు, చమురు, గ్యాస్ కాని) విద్యుత్ సామర్థ్య లక్ష్యం, 2022 ఆగస్టులో కేబినెట్ ఆమోదించిన అధికారిక హామీలో లేదు. స్థాపిత సామర్థ్యంలో 50 శాతం శిలాజేతరం అనే వాటా ఉంది. నిజంగా పుట్టే కరెంటులో వాటా కాదు, ప్లాంట్లు గరిష్ఠంగా ఇవ్వగలిగే స్థాపిత సామర్థ్యంలో వాటా. రాత్రి సోలార్ ప్యానెల్ ఉత్పత్తి సున్నా అయినా ఈ లెక్కలో దాని వాటా తగ్గదు.

కామర్స్, ఎకనామిక్స్ విద్యార్థులకు ఒక విన్నపం. ప్రతి సదస్సుకూ ఎవరెవరు వచ్చారో హోదాలతో సహా ఐక్యరాజ్యసమితి సచివాలయం జాబితా ప్రచురిస్తుంది. మన బృందం పేజీ తీసి ఆర్థిక శాఖవాళ్లెంతమంది, విద్యుత్ శాఖవాళ్లెంతమంది, వ్యవసాయ శాఖవాళ్లెంతమందో లెక్కపెట్టండి. పక్కనే చైనా బృందం పేజీ కూడా తీయండి. ఆ రెండు పేజీల అంకెలు పట్టుకుని మీ ఎంపీని అడగండి, పార్లమెంటులో ప్రశ్న వేయమనండి.