బీథోవెన్ ఐదో సింఫనీ: ఏ రికార్డింగ్ వినాలి?

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, బీథోవెన్ ఫిఫ్త్‌కి రికార్డింగులు కుప్పలుగా ఉన్నాయి, అన్నీ వినే ఓపిక నాకూ లేదు, మీకూ ఉండదు. అందుకని బాగా పేరున్నవి కొన్నే తీసుకున్నాను. చాలామంది ఏం చేస్తారంటే ప్లే నొక్కి ఆ మొదటి "డ డ డ డాం" రెండుసార్లు విని, ఆహా ఇది బాగుంది, అని అక్కడే తేల్చేస్తారు. ఆ నాలుగు స్వరాలు గట్టిగా వాయించలేని పెద్ద ఆర్కెస్ట్రా ఎక్కడైనా ఉంటుందా చెప్పండి. ఈ సింఫనీకి నాలుగు మూవ్‌మెంట్లు, అంటే నాలుగు భాగాలు, ఆఖరిదాన్ని ఫైనల్ అంటాను. అసలు పరీక్ష మూడో మూవ్‌మెంట్ చివర్లో ఉంది. అక్కడికి వస్తాను, కాస్త ఆగండి.

మన కచేరీలు వినేవాళ్లకి ఒక డౌట్ వస్తుంది. ఒకే కీర్తనని ఇద్దరు విద్వాంసులు పాడితే సంగతులు మారతాయి, స్వరకల్పన పూర్తిగా మారిపోతుంది, కానీ ఇక్కడ ప్రతి స్వరం స్కోర్‌లో అచ్చయి ఉంది కదా, ఇంక పోల్చడానికి ఏముంది అని. వేగం ఉంది, ఏ వాద్యం ఎంత వినపడాలి అన్నది ఉంది, ఎక్కడ ఎంతసేపు ఆగాలి, రిపీట్ గుర్తు ఉన్నచోట మళ్లీ వాయించాలా వద్దా అన్నవి ఉన్నాయి. వీటితోనే ఇదే సింఫనీ ఒకరి చేతిలో అరగంటకి కాస్త అటూ ఇటూగా అయిపోతుంది, ఇంకొకరి చేతిలో 40 నిమిషాల దగ్గరికి పోతుంది.

వేగం గొడవ బీథోవెన్ దగ్గరే మొదలైంది. సింఫనీ మొదటిసారి వాయించింది 1808 డిసెంబర్ 22న, వియన్నాలో. 1817లో ఆయనే మెట్రోనోమ్ (టిక్ టిక్ అంటూ లయ చూపించే యంత్రం) లెక్కలు అచ్చు వేయించాడు. మొదటి మూవ్‌మెంట్‌కి నిమిషానికి 108 బార్లు అన్నాడు, బార్ అంటే మన తాళంలో ఆవర్తనం లాంటిది. ఆ మూవ్‌మెంట్‌లో 502 బార్లు, మొదటి 124 రిపీట్ చేయాలి, అంటే మొత్తం 626. భాగించి చూడండి, ఆరు నిమిషాల లోపే! మధ్యమధ్య ఆగే చోట్లు కలిపినా ఆరు దాటి కొన్ని సెకన్లు. ఇరవయ్యో శతాబ్దపు పెద్ద కండక్టర్లలో చాలామంది ఈ లెక్కని పట్టించుకోలేదు. ఏడున్నర, ఎనిమిది, అలా తీసుకెళ్లారు.

ఇక రికార్డింగులు. ముందు కండక్టర్ పేరు, తర్వాత ఆర్కెస్ట్రా పేరు. కార్లోస్ క్లైబర్, వియన్నా ఫిల్‌హార్మోనిక్, 1974, డాయిష్ గ్రామఫోన్. ఎవర్ని అడిగినా ముందు ఈ పేరే చెబుతారు, అది ఊరికే వచ్చిన పేరు కాదు. క్లైబర్ జన్మలో చేసిన రికార్డింగులే చాలా తక్కువ, అందులో ఇదొకటి. వాళ్ల నాన్న ఎరిక్ క్లైబర్ కూడా ఆమ్‌స్టర్‌డామ్ కాన్సర్ట్‌గెబావ్‌తో ఇదే సింఫనీ రికార్డ్ చేశాడు, కొడుకు మీద ఆ బరువు ఎంత ఉండి ఉంటుందో! మొదటి మూవ్‌మెంట్ అంత టెన్షన్‌తో నడుస్తున్నా ఎక్కడా పరిగెత్తినట్టు ఉండదు. కింద చెల్లోలు, బాస్‌లు ఒక్కో స్వరాన్ని కొరికినట్టు వాయిస్తాయి, పైన వయొలిన్లు వాటిని వదిలి దూరం పోవు. ఫైనల్‌లో రిపీట్ కూడా పాటించాడు, అది నాకు చాలా ముఖ్యం, ఎందుకంటే అంత చీకటి దాటుకుని వచ్చిన వెలుగు ఒక్కసారికే సరిపోదు.

కరాయన్, బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్, 1962. ఇళ్లల్లో ఎక్కువగా ఉండే బాక్స్ సెట్ ఇదే కావచ్చు. వేగం బాగుంది, స్ట్రింగ్స్ (వయొలిన్, చెల్లో లాంటి తీగ వాద్యాలు) వెన్నలా ఉంటాయి, నాకు వచ్చిన చిక్కే ఆ వెన్నతో. ఒబో, ఫ్లూట్, బసూన్ లాంటి గాలి వాద్యాలు వెనక ఎక్కడో మునిగిపోతాయి, గట్టి అంచులన్నీ నునుపైపోతాయి. ఫైనల్‌లో రిపీట్ కూడా లేదు. ఫ్యాన్స్ తిడతారు, తిట్టండి.

క్లెంపరర్, ఫిల్‌హార్మోనియా ఆర్కెస్ట్రా. ఇది నెమ్మది, నిజంగా నెమ్మది. మొదట విన్నవాళ్లకి ఇదేంటి బండి కదలట్లేదు అనిపిస్తుంది. కానీ కాసేపు ఓపిక పడితే, గాలి వాద్యాలు ఏం మాట్లాడుకుంటున్నాయో ఇంత స్పష్టంగా ఇంకెక్కడా వినపడదు. 1977లో వాయేజర్ నౌకలతో అంతరిక్షంలోకి పంపిన గోల్డెన్ రికార్డ్ ఉంది కదా, అందులో ఈ సింఫనీ మొదటి మూవ్‌మెంట్ ఉంది, ఆ వాయించింది క్లెంపరర్, ఫిల్‌హార్మోనియాలే. గ్రహాంతరవాసులకి బీథోవెన్ అంటే నింపాదిగా ఉంటాడని తెలుస్తుందన్నమాట.

ఇప్పుడు గార్డినర్. ఆర్కెస్ట్ర్ రెవల్యూషనేర్ ఎ రొమాంటిక్ అనే ఆర్కెస్ట్రా, 1990ల్లో వచ్చిన సెట్. పాతకాలపు వాద్యాలు, తక్కువ మంది, మెట్రోనోమ్ లెక్కకి దగ్గరగా వేగం. ఇందులో ఒక చిన్న చోటు చూపిస్తాను. మొదటి మూవ్‌మెంట్‌లో రెండో థీమ్ వచ్చే ముందు హార్న్‌లు ఒక పిలుపు వేస్తాయి, గుర్తుందా? అదే పిలుపు మళ్లీ ఆ మూవ్‌మెంట్ రెండో సగంలో వేరే శ్రుతిలో రావాలి. బీథోవెన్ కాలం నాటి హార్న్‌కి వాల్వులు (స్వరం మార్చే మీటలు) లేవు, ఆ శ్రుతిలో ఆ స్వరాలు పలకవు, వాద్యం సర్దుకునే టైమూ లేదు. అందుకని ఆయన అక్కడ బసూన్లకి రాశాడు. తర్వాత వాల్వ్ హార్న్‌లు వచ్చాక చాలామంది కండక్టర్లు, పాపం బీథోవెన్‌కి దిక్కులేక బసూన్ రాశాడు అనుకుని హార్న్‌లకే ఇచ్చేశారు. గార్డినర్ రాసింది రాసినట్టు బసూన్లతోనే వాయించాడు. ఆ శబ్దం బక్కగా, కాస్త గొంతు బొంగురుపోయినట్టు ఉంటుంది, మొదటిసారి ధీమాగా వచ్చిన పిలుపు రెండోసారి అలసిపోయి వచ్చినట్టు. నాకైతే అదే నచ్చింది. దిక్కులేక రాసిందే అయినా ఫలితం బాగుంటే మనమెందుకు సరిదిద్దడం?

కరెంట్సిస్, మ్యూజిక్ ఎటర్నా, 2020లో వచ్చింది. ఒకసారి వినండి, ఒళ్లు గగుర్పొడుస్తుంది. రెండోసారికి ప్రతి వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీసి ఇచ్చినట్టు ఉంటుంది. అంతే.

ఇప్పుడు నేను చెప్పిన అసలు పరీక్ష. మూడో మూవ్‌మెంట్ ఆగకుండా నాలుగోదానిలోకి పోతుంది. ఆ మధ్యలో స్ట్రింగ్స్ వినీ వినపడనంత మెల్లగా ఒక స్వరాన్ని పట్టుకుని ఉంటాయి, టింపానీ (పెద్ద డ్రమ్ములు) దాని కింద అదే డ డ డ డాం లయని పొడిపొడిగా తడుతూ ఉంటుంది. ఆ పైన వయొలిన్లు దారి వెతుక్కుంటున్నట్టు ఒక్కో మెట్టే ఎక్కుతాయి. చాలాసేపు ఏమీ జరగదు. జరగకూడదు కూడా! శబ్దం పెంచమని బీథోవెన్ రాసింది ఆఖరి కొన్ని బార్లలోనే. తొందరపడే కండక్టర్ అంతకు చాలా ముందే వాల్యూమ్ లేపడం మొదలెడతాడు, దాంతో అసలు చోటు వచ్చేసరికి ఎక్కడానికి మెట్లు మిగలవు. ఫైనల్ మొదటి బార్‌లోనే ట్రాంబోన్లు, పికోలో (చిన్న ఫ్లూట్), కాంట్రాబసూన్ (పెద్ద బసూన్) ఈ సింఫనీలో తొలిసారి నోరు విప్పుతాయి. అంతవరకూ వాళ్లు ఊరికే కూర్చుని ఉన్నారు, వాళ్ల ఎంట్రీని పాడు చేయకూడదు కదా.

ఇక్కడ నా ఓటు ఫుర్ట్‌వెంగ్లర్‌కి, బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్, 1947 మే. యుద్ధం తర్వాత ఆయన్ని కండక్ట్ చేయనివ్వలేదు, విచారణ జరిగింది, బయటపడ్డాక బెర్లిన్‌లో తన ఆర్కెస్ట్రాతో మళ్లీ నిలబడిన కచేరీలివి. సొంత హాల్ బాంబులకి పోయింది, అందుకని టిటానియా పలాస్ట్ అనే సినిమా హాల్లో వాయించారు. సౌండ్ మోనో, పాతది. వేగం ఇష్టమొచ్చినట్టు మారుతుంది, స్కోర్ చేతిలో పట్టుకుని వింటే మండిపోతుంది. కానీ ఆ చీకటి వంతెన మీద ఆయన ఎంతసేపు నిలబెడతాడంటే, ఇంక ఫైనల్ రాదేమో అనిపిస్తుంది, ఆఖర్లో మాత్రం పట్టపగ్గాల్లేకుండా పరుగు. క్లైబర్ ఇక్కడ చాలా బాగుంటాడు, కానీ ఆయనకి ఫైనల్ వస్తుందని ముందే తెలుసు.

కాబట్టి ఒక్కటే కొనాలంటే, లేదా ఒక్కటే డౌన్‌లోడ్ చేసుకోవాలంటే క్లైబర్. రెండోది గార్డినర్, ఎందుకంటే ఆయన చేతిలో ఇదే స్కోర్ ఇంకో ఊళ్లో పుట్టినట్టు ఉంటుంది. ఫుర్ట్‌వెంగ్లర్‌ని మాత్రం సింఫనీ కంఠతా వచ్చాక వినండి, మొదటే వింటే బీథోవెన్ ఏది, ఆయన ఏది తెలియదు. చరిత్ర మీద ఆసక్తి ఉంటే నికిష్ 1913లో బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్‌తో చేసింది కూడా దొరుకుతుంది. మైక్ లేని రోజులు, గొట్టం ముందు గుమిగూడి వాయించారు, గరగరే ఎక్కువ.

ఆఖరిగా యాప్‌లో వినేవాళ్లకి. మూడు, నాలుగు మూవ్‌మెంట్లు వేర్వేరు ట్రాక్‌లుగా ఉంటాయి, షఫుల్ ఆన్‌లో ఉందంటే సర్వనాశనం. సెట్టింగ్స్‌లో గ్యాప్‌లెస్ (ట్రాక్‌ల మధ్య ఖాళీ లేకుండా చేసేది) ఆన్ చేయండి, క్రాస్‌ఫేడ్ (ఒక ట్రాక్‌ని ఇంకోదానిలో కలిపేది) తీసేయండి. మెల్లటి, గట్టి శబ్దాల్ని ఒకే స్థాయికి తెచ్చే వాల్యూమ్ లెవెలింగ్ లాంటిది ఉంటే అదీ ఆపి చూడండి. టింపానీ వినపడట్లేదని మధ్యలో సౌండ్ మాత్రం పెంచకండి, ట్రాంబోన్లు వచ్చాక మీ పక్కింటివాళ్లు వస్తారు.