చీర కొట్లో ఎవరూ అడగని ప్రశ్న

అందరికీ నమస్కారం.

హాల్లోకి వచ్చే ముందు బయట టీ తాగుతుంటే ఒకావిడ అన్నారు, "నాకీ అబ్‌స్ట్రాక్ట్ బొమ్మలు అర్థం కావండీ, మా చెల్లెలు లాక్కొచ్చింది" అని. ఆవిడ కట్టుకున్నది పోచంపల్లి చీర. ఎలా ఎంచుకున్నారమ్మా అని అడిగాను. "ఓ ఇరవై చీరలు పక్కన పడేశాక ఇది తీశాడు. ఆ మెరూన్ మీద పసుపు పాకినట్టుంటే వదల్లేకపోయాను" అన్నారు. మరి దాని మీద ఉన్నది దేని బొమ్మ అని కొట్టతన్ని అడిగారా? నవ్వేశారు.

నేను ఈ సాయంత్రం చెప్పాలనుకున్నదంతా ఆవిడ చెప్పేశారు. నూలుకి ముందే కట్లు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత నేస్తారు కాబట్టి పోచంపల్లి లాంటి ఇక్కత్ నేతలో గళ్ల అంచులు కత్తిరించినట్టు ఉండవు, కాస్త చెదురుతాయి. ఆ చెదరడాన్ని మన కన్ను ఇట్టే పట్టుకుంటుంది. కొంగు దూరంగా పట్టి చూస్తాం, వెలుతురులోకి తీసుకెళ్లి చూస్తాం. అదే కన్నుతో గ్యాలరీలోకి వెళ్లగానే "ఇదేంటి?" అని టెన్షన్ మొదలవుతుంది.

సరే, మొదటి స్లైడ్. ఇవి మూడూ చెట్లే. వేసినవాడు డచ్ చిత్రకారుడు పీట్ మోండ్రియన్. ఎడమవైపుది 1908లో మొదలుపెట్టాడు. నీలం సాయంత్రంలో ఎర్రగా మండుతున్న కొమ్మలు. చిన్నపిల్లాడైనా చెట్టే అంటాడు. మధ్యది 1911. రంగులన్నీ పోయి బూడిద మిగిలింది, కొమ్మలు విల్లుల్లా వంగాయి, కొమ్మ ఎక్కడ ఆగిందో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. కుడివైపుది 1912, పేరు 'పూసిన ఆపిల్ చెట్టు'. పేరు చెప్పకపోతే చెట్టని ఎవరు అనుకుంటారు? మూసిన రెప్పల్లాంటి వంపులు, అంతే.

దీన్ని నైరూప్యం, అంటే అసలు అర్థంలో అబ్‌స్ట్రాక్ట్, అంటాం. పాలు మరిగించి కోవా తీసినట్టు. కోవాలో పాలు కనిపించవు, కానీ పాలు లేకుండా కోవా రాదు. మోండ్రియన్ దగ్గర మొదట ఒక చెట్టుంది.

ఇప్పుడు రెండో స్లైడ్. ఇక్కడ పాలే లేవు. తెల్లటి మీద నల్లటి చతురస్రం. వేసింది చిత్రకారుడు కాజిమిర్ మాలెవిచ్, 1915లో. ఆ డిసెంబరులో పెట్రోగ్రాడ్‌లో, అంటే ఇవాళ్టి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, '0,10' అనే ప్రదర్శనలో దీన్ని రెండు గోడలు కలిసే మూలలో, పైన కప్పుకి దగ్గరగా తగిలించాడు. రష్యన్ ఇళ్లల్లో ఆ మూల దేవుడి పటాలది. మన ఇంట్లో దేవుడి గూట్లోంచి పటం తీసేసి నల్ల పలక పెడితే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఎంత గొడవ కావాలో అంతా కోరుకునే పెట్టాడు.

ఇది ఏ వస్తువులోంచీ తీసింది కాదు. వస్తువు లేని కళ అన్నాడు తను. వస్తురహితం అని మన మాటల్లో అనుకుందాం. బయట చాలామంది ఈ రెంటినీ కలిపి అబ్‌స్ట్రాక్ట్ అనేస్తారు. మామూలు మాటల్లో ఫర్వాలేదు గానీ, ఒక బొమ్మ ముందు నిలబడ్డప్పుడు తేడా తెలిస్తే మంచిది. మొదటి రకంలో చెట్టుని వెతికితే దొరుకుతుంది. రెండో రకంలో ఎంత వెతికినా తలనొప్పే.

నిజం చెప్పాలంటే, పుస్తకంలో ఈ నల్ల చతురస్రం చూసి ఏళ్ల తరబడి ఇదంతా పోజు అనుకున్నాను. అచ్చులో అది సిరా మరకే మరి. దగ్గర్నుంచి తీసిన ఈ ఫొటో చూశాక నోరు మూసుకున్నాను. చూడండి, అంచులు స్కేలు పెట్టి గీసినవి కావు. ఏ పక్కా ఇంకో పక్కకి సరిగ్గా సమాంతరంగా లేదు. కుంచె నడక తెలుస్తోంది. మొత్తం కాన్వాసు 79.5 సెంటీమీటర్లు, అటూ ఇటూ అంతే. నలుపంతా ఎండిన చెరువులా బీటలు వారింది. ఆ బీటల్లోంచి కింది రంగులు తొంగి చూస్తున్నాయి. 2015లో మాస్కోలోని త్రెత్యాకోవ్ గ్యాలరీ వాళ్లు ఎక్స్‌రే తీసి చూస్తే, నలుపు కింద రంగురంగుల బొమ్మలు రెండు ఉన్నాయని తేలింది. కింద రంగు పూర్తిగా ఆరకముందే పైన నలుపు వేస్తే ఇలాగే పగులుతుంది. ఆగలేకపోయాడన్నమాట. "ఇది మా పిల్లాడూ వేస్తాడు" అనేవాళ్లకి నేను వేయించమనే చెబుతాను. పది నిమిషాలు తిరిగేసరికి అందులో ఇల్లో, సూర్యుడో, ఎవరి మొహమో వచ్చేస్తుంది. ఏదీ రాకుండా ఆపడం చాలా కష్టం.

రష్యన్ చిత్రకారుడు కాందిన్‌స్కీ కథ క్లుప్తంగా. లా చదివి, పాఠాలు చెబుతూ, ముప్పై ఏళ్లకి అన్నీ వదిలేసి బొమ్మలు నేర్చుకోవడానికి మ్యూనిక్ వెళ్లాడు. ఒక రోజు మునిమాపు వేళ స్టూడియోకి వస్తే, గోడకి ఆనించి ఏదో అద్భుతమైన బొమ్మ కనిపించింది. అందులో ఏముందో తెలియలేదు, రంగులు మాత్రం లోపల్నుంచి వెలుగుతున్నాయి. దగ్గరికెళ్లి చూస్తే తన బొమ్మే, అడ్డంగా పెట్టి ఉంది. వస్తువు తెలియడమే తన బొమ్మలకి అడ్డమని అప్పుడు అనిపించిందని తనే రాసుకున్నాడు.

అడ్డంగా అంటే గుర్తొచ్చింది. మోండ్రియన్ 1941లో రంగు టేపులు అంటించి చేసిన 'న్యూయార్క్ సిటీ 1' అనే పని జర్మనీలో డ్యూసెల్‌డార్ఫ్ మ్యూజియంలో ఉంది. అది దశాబ్దాలుగా తలకిందులుగా వేలాడుతోందని 2022లో అక్కడి క్యూరేటరే చెప్పారు. సరిచేద్దామంటే పాత టేపులు ఊడిపోతాయేమోనని అలాగే ఉంచేశారు. మీరు నవ్వుతున్నారు గానీ, ఒక గ్రూప్ షోలో నా బొమ్మ కూడా అలాగే తగిలించారు. నేనూ రెండో రోజు మధ్యాహ్నానికి గానీ గమనించలేదు. అప్పుడు వాళ్ల మీద కోపం వచ్చింది, ఇప్పుడు నా మీదే అనుమానం.

చివరి స్లైడ్. మన దేశపు చిత్రకారుడు వి.ఎస్. గైతొండే. 1924లో నాగపూర్‌లో పుట్టాడు, 2001లో పోయాడు. తన పనిని అబ్‌స్ట్రాక్ట్ అంటే ఒప్పుకునేవాడు కాదు, వస్తురహితం అనమనేవాడు. కుంచె కన్నా రోలరు, రంగులు కలిపే పాలెట్ కత్తి ఎక్కువ వాడాడు. ఒక పొర వేయడం, కొంత ఎత్తేయడం, మళ్లీ వేయడం. ఏడాదికి ఏ కొద్ది కాన్వాసులో పూర్తయ్యేవి.

వెనకున్నవాళ్లు కాస్త లైట్లు ఆపుతారా? పోచంపల్లి చీర అమ్మగారూ, మీరు ముందుకొచ్చి కూర్చోండి. రెండు నిమిషాలు నేనేమీ మాట్లాడను. ఆ తర్వాత ముందు మీరే చెప్పాలి.