పై షడ్జం నుంచి పంచమం దాకా

శ్రోతలకు నమస్కారం.

ఇంట్లో హార్మోనియం ఉంటే పై షడ్జం, అంటే పై ‘స’ దగ్గర మొదలుపెట్టి, తెల్ల మెట్టూ నల్ల మెట్టూ ఏదీ వదలకుండా పంచమం, అంటే ‘ప’ దాకా దిగి చూడండి. షడ్జం, కాకలి నిషాదం, కైశికి నిషాదం, చతుశ్శ్రుతి ధైవతం, శుద్ధ ధైవతం, పంచమం. మొత్తం ఆరు స్వరాలు. రెండు నిషాదాలూ, ఆ వెంటనే రెండు ధైవతాలూ ఇలా వరసగా రావడం మన రాగాల్లో సాధారణంగా ఉండదు. అందుకే కాస్త ఎబ్బెట్టుగా, ఏదో దిగులుగా వినిపిస్తుంది. ఈ ఆరు స్వరాల మీదే ఆమ్‌స్టర్‌డామ్ ఆర్గన్ విద్వాంసుడు యాన్ పీటర్‌సోన్ స్వేలింక్ ఒక పెద్ద రచన కట్టారు. దాని పేరు ఫాంటాసియా క్రొమాటికా.

స్వేలింక్ 1562లో డెవెంటర్‌లో పుట్టారు, 1621లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కన్నుమూశారు. ఔదే కెర్క్ అనే పాత చర్చిలో కొలువు. ఆ కొలువు సంగతి విచిత్రం. 1578లో ఊరు కాల్వినిస్టులనే ప్రొటెస్టంట్ క్రైస్తవుల చేతికొచ్చింది. ఆరాధన జరుగుతున్నప్పుడు ఆర్గన్ మోగకూడదని వాళ్ల పట్టు. అయితే ఆర్గన్ నగరపాలకులది, జీతం ఇచ్చేదీ వాళ్లే. దాంతో ఆయన ఆరాధనకు ముందూ తర్వాతా వాయించేవారు. పాటకు తోడు వాయించే బాధ్యత లేకపోవడమే ఆయనకు కలిసొచ్చిందని నాకనిపిస్తుంది. జర్మనీ నుంచి షైట్, షైడెమాన్ లాంటి ఆర్గన్ విద్వాంసులు వచ్చి ఆయన దగ్గర నేర్చుకున్నారు. ఆయన కీబోర్డు రచనలు బతికుండగా అచ్చు కాలేదు, చేతిరాత ప్రతుల్లోనే మనదాకా వచ్చాయి.

మళ్లీ ఆ ఆరు స్వరాల దగ్గరికి వద్దాం. మీ హార్మోనియంలో వాటి మధ్య ఎడం దాదాపు సమానం. ఆనాటి ఆర్గన్లకు పెట్టే మీన్‌టోన్ అనే శ్రుతి పద్ధతిలో అలా కాదు. ఒక ఎడం పెద్దది, తర్వాతది చిన్నది, మళ్లీ పెద్దది. స్వరం కుంటుతూ దిగుతుంది. కాబట్టి వింటే ఆ శ్రుతి పెట్టిన ఆర్గన్ మీద రికార్డు చేసిందే వినండి. మామూలు పియానో మీద ఈ రచన సగం చప్పబడిపోతుంది.

ఇక నిర్మాణం మనవాళ్లకు కొత్తేమీ కాదు. త్రికాలం, అంటే ఒకే పల్లవిని మూడు వేగాల్లో పాడటం తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు. ముందు ఆరు స్వరాలూ మామూలు నడకలో, ఒక గొంతు తర్వాత ఇంకో గొంతులో వస్తాయి. గొంతు అంటే ఇక్కడ పాడేది కాదు, ఆర్గన్ మీద ఒకేసారి సాగే వరసల్లో ఒకటి. ఆ తర్వాత అవే సాగి నిదానమవుతాయి. చుట్టూ మిగతా గొంతులు గలగలా పరిగెడుతుంటే ఆ నిదానం ఇంకా బరువుగా తోస్తుంది. పిమ్మట రెట్టింపు వేగం, చివర్లో నాలుగింతలు. తేడా ఒక్కటే, త్రికాలంలో పల్లవి మొత్తం వేగం మారినట్టు ఇక్కడ రచన మొత్తం వేగం మారదు. కదలిక మారేది ఆ ఆరు స్వరాలకే.

మొదటిసారి వినేటప్పుడు అన్ని గొంతులూ పట్టుకోవాలని టెన్షన్ పడొద్దు. దిగుతున్న ఆ వరసనే చెవితో వెంబడించండి. నాలుగింతల వేగం వచ్చినప్పుడు మాత్రం రెప్పపాటులో దాటిపోతుంది, కాచుకుని ఉండండి. ఇప్పుడు వినండి, ఫాంటాసియా క్రొమాటికా.