ఆఖరున గీసిన గీత ఒక్కటే తీసేయాలంటే

అందరికీ నమస్కారం అండీ. పైథాన్‌లో గ్రాఫ్‌లు గీసే లైబ్రరీ మ్యాట్‌ప్లాట్‌లిబ్ వాడేవాళ్ళు చాలామంది ఒకచోట ఇరుక్కుంటారు, గ్రాఫ్ మీద నాలుగు గీతలు బాగానే వచ్చాయి, ఐదోది తప్పు పడింది, కంట్రోల్ జెడ్ కొడితే ఏమీ అవదు, దాంతో విండో మూసేసి మొత్తం మళ్ళీ రన్ చేస్తారు. అంత అవసరం లేదు.

మీరు గీసినవన్నీ మ్యాట్‌ప్లాట్‌లిబ్ గుర్తుపెట్టుకునే ఉంటుంది. యాక్సీస్‌కి (axes, అంటే గీతలు పడే గ్రాఫ్ భాగం) లైన్స్ అనే లిస్ట్ ఉంది, అందులో మైనస్ ఒకటి అంటే ఆఖరిది, దాని మీద రిమూవ్ పిలిస్తే పోతుంది. పాత కోడ్‌లో దీనికి బదులు ఆ లిస్ట్ మీద పాప్ పిలవడం కనిపిస్తుంది గానీ 3.7 వెర్షన్ నుంచి అది పనిచెయ్యదు. మ్యాట్‌ల్యాబ్ అనే వేరే సాఫ్ట్‌వేర్‌లో వరస తిరగేసి ఉంటుంది, అక్కడి చిల్డ్రన్ అనే లిస్ట్‌లో కొత్తదే మొదట.

ఇక్కడ జాగ్రత్త. మీరు ఆఖరున వేసింది స్కాటర్ (చుక్కల గ్రాఫ్) అనుకోండి, ఆ చుక్కలు లైన్స్‌లో ఉండవు, కలెక్షన్స్ అనే వేరే లిస్ట్‌లో ఉంటాయి, మీరేమో లైన్స్‌లో మైనస్ ఒకటి తీసేస్తే ఎప్పుడో గీసిన మంచి గీత ఎగిరిపోతుంది! అందుకే నేను గట్టిగా చెప్పేది ఒకటే, గీసేటప్పుడే దాన్ని ఒక వేరియబుల్‌లో పట్టుకోండి, తర్వాత దాని మీదే రిమూవ్ పిలవండి. గీత గీసే ప్లాట్ ఫంక్షన్ ఒక లిస్ట్ ఇస్తుంది కాబట్టి వేరియబుల్ పేరు పక్కన కామా మర్చిపోవద్దు.

తీసేశాక కూడా దాని జాడ మిగులుతుంది. మిగతావన్నీ పది లోపు ఉండి తప్పు గీత వెయ్యి దాకా వెళ్ళిందంటే, అది పోయినా స్కేల్ వెయ్యి దగ్గరే ఉండి మిగతావి అడుగున అతుక్కుపోయి కనిపిస్తాయి, స్కేల్ మళ్ళీ లెక్కేసే రీలిమ్, ఆటోస్కేల్ వ్యూ రెండూ పిలిచి మళ్ళీ డ్రా చెయ్యాలి. ఏ గీత ఏదో చెప్పే లెజెండ్ కూడా మళ్ళీ పెట్టాలి. రంగు సంగతి ఎవరూ చెప్పరు, నీలం తర్వాత వచ్చిన ఆరెంజ్ గీత తీసేసి కొత్తది గీస్తే ఆరెంజ్ రాదు, ఆకుపచ్చ వస్తుంది, వరస వెనక్కి రాదు మరి. రంగు మీరే ఇచ్చేయండి.

మౌస్‌తో పాయింట్లు పెట్టే మ్యాట్‌ప్లాట్‌లిబ్ జిఇన్‌పుట్‌లో మాత్రం చక్కగా ఆలోచించారు, రైట్ క్లిక్ చేస్తే ఆఖరి పాయింట్ పోతుంది, బ్యాక్‌స్పేస్ కొట్టినా అంతే. నాకైతే అన్ని చోట్లా ఇలాగే ఉండాలనిపిస్తుంది.

ఆర్ (R) భాష వాడేవాళ్ళకి ఒక మాట. అందులో గ్రాఫ్‌లు గీసే ప్యాకేజీ జీజీప్లాట్2లో లేయర్లుంటాయి, ఆఖరి లేయర్ తీసెయ్యొచ్చు. ఆర్‌తో పాటే వచ్చే బేస్ ప్లాట్ అలా కాదు, గోడకేసిన రంగులాగా పడిందంటే పడిందంతే, అక్కడి లైన్స్ ఫంక్షన్‌తో కలిపిన గీత ఒక్కటీ వెనక్కి రాదు. అందుకని స్క్రీన్ మీద కొత్త గీత వేసే ముందే రికార్డ్‌ప్లాట్‌తో దాచుకోండి, నచ్చకపోతే రీప్లేప్లాట్.