కేదార్‌నాథ్ గుడి కింద నేల

శ్రోతలకు నమస్కారం.

కేదార్‌నాథ్ వెళ్ళొచ్చినవాళ్ళు మీ ఇంట్లోనో మీ వీధిలోనో ఉండే ఉంటారు. గుడి గురించి, చలి గురించి, గుర్రాల బేరాల గురించి ఎంతసేపైనా చెబుతారు. ఆ గుడి నిలబడ్డ నేల ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. ఈరోజు నేను దాని గురించే మాట్లాడతాను.

గుడికి ఎగువన చోరాబరి హిమానీనదం ఉంది. ఏళ్ళ తరబడి కురిసిన మంచు తన బరువుకు తానే నొక్కుకుని, గట్టి ఐసై, మెల్లగా కిందికి జారుతుంది. నీళ్ళ నది కొండను కోస్తే లోయ గరాటులా సన్నబడుతూ దిగుతుంది. మంచు లోయ నిండా పరుచుకుని కదులుతుంది కనుక అడుగునూ పక్కలనూ కలిపి తొలిచేస్తుంది. ఒకప్పుడు ఇక్కడి మంచు ఇంకా చాలా దిగువ వరకు ఉండేది. అందుకే ఇక్కడ లోయ అడుగు వెడల్పుగా, పక్కలు నిటారుగా, పశువుల తొట్టిలా కనిపిస్తుంది. గౌరీకుండ్ నుంచి నడిచి ఎక్కేవాళ్ళకు ఈ తేడా కళ్ళారా తెలుస్తుంది. ఇరుకు లోయ పైకి పోయేకొద్దీ విప్పారుతుంది.

మరి మంచు రాయిని ఎలా కోస్తుంది? రాతి పగుళ్ళలోకి దిగిన నీరు గడ్డకట్టి ముక్కల్ని పట్టుకుంటుంది. మంచు కదిలినప్పుడు అవి ఊడి వస్తాయి. ఐసు అడుగున ఇరుక్కున్న ఆ ముక్కలే శాండ్‌పేపర్‌లా కింది రాయిని రుద్దుతాయి. గంగోత్రి పైన గోముఖ్ దగ్గర ఒక రాయి చేతిలోకి తీసుకుని చూశాను. ఒకవైపు పలకలా నున్నగా ఉంది. దాని మీద మేకుతో గీసినట్టు సన్నటి గీతలు, దాదాపు అన్నీ ఒకే దిక్కుకు! అరిగిన రాతిపిండి నీళ్ళలో కలిసి, అక్కడ భాగీరథి బియ్యం కడిగిన నీళ్ళలా పారుతుంది. పైన కనిపించే శివలింగ్ శిఖరం ఎత్తు 6,543 మీటర్లు. చుట్టూ ఉన్న మంచు తలా ఒకవైపు కొండను గిన్నెల్లా తవ్వుకుంటూ పోతే, మధ్యలో మిగిలిన మొన అది.

తవ్విన మంచే మోసుకొచ్చి పోస్తుంది కూడా. ఏరు చేటలాంటిది, చెరిగి పెడుతుంది. బండలు ఒకచోట, ఇసుక ఒకచోట, ఒండ్రు ఇంకొకచోట. మంచుకు చెరగడం రాదు. ఇంటంత బండనూ పిండిలాంటి మట్టినీ కలిపి, కరిగినచోట గుట్టలుగా వదిలేస్తుంది. ఈ గుట్టలను మొరైన్ అంటారు. వీటిలో పట్టు తక్కువ. కేదార్‌నాథ్ ఊరు ఉన్నది హిమానీనదాలు, వాటి కరుగునీరు తెచ్చి పోసిన ఇలాంటి నేల మీదే.

గుడికి పైన, అలాంటి ఒక మొరైన్ గట్టు వెనకే చోరాబరి చెరువు ఉండేది. గాంధీ సరోవర్ అని కూడా పిలిచేవారు. 2013 జూన్‌లో ఎడతెగని వానలు పడ్డాయి. 17వ తేదీ ఉదయం ఆ గట్టు తెగింది. నీళ్ళతోపాటు బండలూ మట్టీ ఊరి మీద పడ్డాయి. ఉత్తరాఖండ్‌లో ఆ విపత్తు వేలమందిని పొట్టన పెట్టుకుంది. గుడి వెనక ఆగి ప్రవాహాన్ని చీల్చిన పెద్ద బండను యాత్రికులు ఇప్పుడు భీమశిల అని మొక్కుతున్నారు. మొక్కండి, తప్పులేదు. కానీ అలాంటి నేల మీద ఇల్లయినా హోటలయినా కట్టేముందు, పైన ఏ గట్టు ఏ నీటిని ఆపుతోందో అడిగి తీరాలి. ఇది నేను గట్టిగా చెబుతున్నాను.

ఇదంతా ఎక్కడో హిమాలయాల సంగతి అనుకోకండి. సింగరేణి బొగ్గు పొరలకు అడుగున తాల్చీరు రాళ్ళని ఉంటాయి. సుమారు 30 కోట్ల ఏళ్ళ కిందట, మన భూభాగం దక్షిణ ధ్రువానికి దగ్గరగా ఉన్న కాలంలో మంచు తెచ్చి పోసినవి. ఆదిలాబాద్ అవతల, చంద్రాపూర్ జిల్లాలోని ఇరాయి దగ్గర ఆ మంచు రుద్దిన సున్నపురాయి బయటపడింది. ఎండాకాలం నిప్పులు చెరిగే చోటు అది. ఆ రాయి మీద కూడా గోముఖ్‌లో నేను చూసినలాంటి గీతలే.