పాత టోపో షీటు పట్టుకుని మహేంద్రగిరి: అంచులు కోసేసిన మ్యాపు కొనాలా?

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నా, ఈ మ్యాపు నేను కొన్నది కాదు. వైజాగ్‌లో ఇద్దరు కుర్రాళ్ళు పాత టోపో షీట్లు, అంటే నేల ఎత్తుపల్లాల్ని గీతలతో చూపించే సర్వే మ్యాపులు, స్కాన్ చేసి, తడిసినా చిరగని కాగితం మీద ప్రింటు వేసి అమ్ముతున్నారు. "అన్నా, ఓసారి కొండ మీదికి తీసుకెళ్ళి చూడండి" అని ఊరికే పంపారు. వీడియోకి డబ్బులు కూడా ఇస్తామన్నారు, నేనే వద్దన్నాను. ఎందుకు మంచిదైందో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

కాగితం మందం, ఇంకు, సైజు, అవన్నీ వాళ్ళ పేజీలో చూసే ఇక్కడికి వచ్చుంటారు. వానలో తడిపాను, జేబులో కుక్కాను, రంగు దిగలేదు. కాగితం వరకూ నూటికి నూరు. ఇంక దాని గురించి మాట్లాడను.

నాకు పంపింది 74 బీ 5 షీటు. ఈ నంబరు చూస్తేనే నాకు హుషారు. 74 అంటే 84 నుంచి 88 డిగ్రీల తూర్పు, 16 నుంచి 20 డిగ్రీల ఉత్తరం. దాన్ని పదహారు గళ్ళు చేస్తే ఒక్కో డిగ్రీ గడికి ఒక అక్షరం. ఆ గడిని మళ్ళీ పదహారు చేస్తే పావు డిగ్రీ ముక్కకి ఒక అంకె. అలా 74 బీ 5లో మన శ్రీకాకుళం వైపు మందస ఉంది, పైన మహేంద్రగిరి శిఖరం కూడా ఉంది. శిఖరం ఒడిశాలోకి వెళ్తుంది గానీ, మ్యాపు గీసినవాళ్ళు రాష్ట్రం చూసి కాగితం ఆపలేదు కదా. అసలు 1936 ఏప్రిల్‌కి ముందు ఈ రెండు పక్కలూ మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లాయే.

ఇదిగో, కెమెరా దగ్గరికి తెస్తున్నా. ఈ గోధుమ రంగు గీతలు చూడండి. ఒక్కో గీత ఒకే ఎత్తున్న చోట్లని కలుపుతుంది, గీతకీ గీతకీ మధ్య 50 అడుగుల ఎత్తు. ఇక్కడ గీతలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి, అంటే నిట్టనిలువు. ఇక్కడ దూరం దూరంగా ఉన్నాయి, కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. ఈ వంపులు వీ ఆకారంలో ఉన్నాయా? మొన కొండ పైకి చూస్తుంటే అది గెడ్డ, అంటే కొండవాగు, దిగే లోవ. మొన కిందికి చూస్తుంటే అది కొండ కాలు, అంటే నడవడానికి పనికొచ్చే గట్టు. అడవిలో దారి తప్పితే నాకు కావాల్సింది ఇదే. ఫోన్‌లో ఆకుపచ్చ ముద్ద తప్ప ఇంకేం కనపడదు, చెట్ల కింద నేల ఎలా ఉందో ఉపగ్రహం ఫొటో చెప్పదు. ఈ గీతలు చెప్తాయి. ఊళ్ళు మారాయి, రోడ్లు పడ్డాయి, కొండ మాత్రం అదే.

త్రికోణంలో చుక్క కనిపిస్తోందా? త్రికోణమితి సర్వే స్టేషను, అంటే సర్వే వాళ్ళు కోణాలు కొలిచిన చోటు. పాత లెక్కలో శిఖరం 4,923 అడుగులు, ఇప్పుడు మనం 1,501 మీటర్లంటున్నాం. ఇంకో సరదా చూడండి. ఈ కొండల్లో పుట్టిన మహేంద్రతనయ ఒకటి బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. అదే పేరున్న ఇంకో ఏరు పర్లాకిమిడి వైపు తిరిగి వంశధారలో పడుతుంది. ఏ గట్టు దగ్గర నీళ్ళు విడిపోతాయో వేలు పెట్టి గీతలమ్మట వెళ్తే తెలిసిపోతుంది. రాత్రి దీపం పెట్టుకుని ఈ పని చేస్తుంటే మా ఇంట్లో వాళ్ళు నవ్వుతారు. నవ్వుకోనీండి.

మందస దాటాక టీ కొట్టు బల్ల మీద దీన్ని పరిచాను. ఒక సవర గిరిజన పెద్దాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. చదవడం రాదన్నాడు గానీ, నేను గెడ్డలు ఒక్కొక్కటీ చూపిస్తుంటే తల ఊపుతూ, ఒక చుక్కల గీత మీద వేలు పెట్టాడు. "ఇది మా తాతల నాటి దారి బాబూ. రోడ్డు పడ్డాక ఎవులూ ఎల్లట్లేదు. ముళ్ళు మూసేసుంటాది. గెడ్డ కాడికి ఎలుగులొస్తాయి, తెల్లారీ తెల్లారకుండా ఎల్లకండి" అన్నాడు. మన ఉద్దానం, మందస, పలాస వాళ్ళకి ఎలుగుబంట్ల గురించి నేను చెప్పక్కర్లేదు. పాత మ్యాపులో దారి ఉందంటే అప్పట్లో దారి ఉందని అర్థం, ఇప్పుడు నడవొచ్చని కాదు. అక్కడి వాళ్ళని అడగకుండా, ఫారెస్టు వాళ్ళ అనుమతి లేకుండా కొండెక్కకండి.

సరే, ఇప్పుడు నా కోపం. ఈ నాలుగు అంచులూ చూడండి. నున్నగా కోసేశారు! మ్యాపు గోడకి తగిలిస్తే అందంగా ఉంటుందని మార్జిన్ మొత్తం తీసేశారట. అడిగితే "క్లీన్ లుక్ అన్నా" అంటారు. మార్జిన్ లేని టోపో షీటు, పేరు చింపేసిన మందు సీసా. లోపల మందు ఉంది, నిజమే. ఎంత వెయ్యాలో, ఎప్పటిదో ఎవరు చెప్తారు?

ఆ అంచులో ఏముండేదో చెప్తా వినండి. సర్వే ఏ ఏడాది చేశారు, ప్రింటు ఏ ఏడాది, గీతకీ గీతకీ ఎన్ని అడుగులు, దిక్సూచి చూపించే అయస్కాంత ఉత్తరం అసలు ఉత్తరానికి ఎంత పక్కకి ఉంది, గుర్తుల పట్టిక, స్కేలు గీత. అయస్కాంతం సంగతి పోనీలెండి, మన వైపు తేడా ఒక డిగ్రీ లోపే, నడిచేవాడికి పట్టింపు లేదు. కానీ స్కేలు? అసలు షీటు అంగుళానికి మైలు. వీళ్ళు పెద్ద కాగితానికి సరిపోవాలని సాగదీశారు. స్కేలు గీత ఉంటే అది కూడా సాగి ఉండేది, గొడవ లేదు. అది లేదు! అంగుళం మైలు అనుకుని ఆరంగుళాల దారిని ఆరు మైళ్ళని లెక్కపెడితే, నిజంగా నడవాల్సింది ఐదు. ఆరో మైలు దగ్గర మలుపు కోసం వెతుకుతుంటే, మలుపు మన వెనకెక్కడో మైలు దూరంలో ఉండిపోతుంది.

దీనికో చిట్కా ఉంది. మ్యాపు మధ్యలో అడ్డంగా పోయే అక్షాంశ గీతలు మిగిలాయి. వాటి మధ్య ఐదు నిమిషాలు, అంటే నేల మీద 9.2 కిలోమీటర్లు. అంగుళానికి మైలు షీటులో ఆ రెండు గీతల మధ్య 14.5 సెంటీమీటర్లు రావాలి. ఇదిగో, స్కేలు పెడుతున్నా, పదిహేడున్నర వస్తోంది. మీ దగ్గర ఏ పాత ప్రింటు ఉన్నా ముందు ఈ కొలత వేసుకోండి.

ఇంకా పాత షీట్లయితే అంచున ఒక నోటు ఉంటుంది. అప్పట్లో రేఖాంశాలన్నీ మద్రాసు అబ్జర్వేటరీని బట్టే లెక్కకట్టేవాళ్ళు, ఆ అంకె కాస్త తప్పని తర్వాత తేలింది. అందుకే, అబ్జర్వేటరీ రేఖాంశాన్ని 80 డిగ్రీల 17 నిమిషాల 21 సెకన్లుగా తీసుకున్నాం, 2 నిమిషాల 27 సెకన్లు తగ్గించుకోండి అని. మన దగ్గర అది నాలుగు కిలోమీటర్లు దాటుతుంది. ఆ ఒక్క వాక్యం కోసేస్తే కొండ పక్క మండలంలోకి జరిగిపోదూ?

వెనక ఒక క్యూఆర్ కోడ్ ఉంది. స్కాన్ చేస్తే ఇదే మ్యాపు ఫోన్‌లోకి వస్తుంది, మనమున్న చోటు నీలం చుక్కగా కనిపిస్తుంది. ఐడియా బ్రహ్మాండం. కొండ గట్టు మీద నిలబడి చూస్తే చుక్క పక్క లోవలో ఉంది. ఎందుకంటే భూమి ఆకారాన్ని లెక్కకట్టే పద్ధతులు వేరు: ఈ షీట్లు ఎవరెస్ట్ 1830 అనే పాత లెక్క మీద గీసినవి, జీపీఎస్ డబ్ల్యూజీఎస్ 84 అనే కొత్త లెక్క మీద నడుస్తుంది. రెంటినీ కలపకపోతే మన వైపు సుమారు రెండు వందల మీటర్లు పక్కకి పోతుంది. మైదానంలో అయితే నవ్వి ఊరుకోవచ్చు. ఇక్కడ రెండు వందల మీటర్లంటే ఇంకో గెడ్డ, ఇంకో దారి. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో సరిచేసుకోవచ్చు, ఒక పూట కూర్చుంటే అయిపోతుంది. డబ్బులు తీసుకునేవాళ్ళు ఆ పూట కూర్చోవాలి కదా!

దీనికి ముందు నేను వాడినవి? టెక్సాస్ యూనివర్సిటీ వాళ్ళు ఆన్‌లైన్‌లో ఫ్రీగా పెట్టిన అమెరికన్ ఆర్మీ షీట్లు. అవి 1:2,50,000, సెంటీమీటరుకి రెండున్నర కిలోమీటర్లు. బస్సులో వెళ్తూ చూసుకోవడానికి బాగుంటాయి, నడకకి చాలవు. కానీ మార్జిన్ మొత్తం ఉంటుంది! సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ ఓపెన్ సిరీస్ షీట్లు 1:50,000, డబ్ల్యూజీఎస్ 84 మీదే ఉంటాయి, ఫోన్‌తో పేచీ లేదు. నడకకి నేను అవే నమ్ముతాను.

మరి పాతవి ఎందుకంటారా? పోయినవి చూడ్డానికి. మన విజయనగరం తాటిపూడి తీసుకోండి. ఆ రిజర్వాయరు 1960లలో కట్టారు. అంతకు ముందు షీటులో చెరువు లేదు, గోస్తనీ ఒంపులు తిరుగుతూ పోతుంటుంది. ఎండాకాలం నీళ్ళు దిగినప్పుడు ఒడ్డున నిలబడి ఆ షీటు విప్పితే, పాత ఏరు ఎటు పోయేదో గీత ప్రకారం చూపించొచ్చు. ఆ సరదా కొత్త మ్యాపు ఇవ్వదు.

ఇంతకీ కొనాలా? గోడకి కావాలంటే కొనుక్కోండి, చాలా అందంగా ఉంది, మా ముందు గదిలో నేనూ తగిలించాను. కొండకి మాత్రం వద్దు. ఆ తమ్ముళ్ళకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. మార్జిన్‌తో వేస్తే ధర పెరుగుతుందన్నారు. పెంచండి బాబూ, నా డబ్బులతో నేనే కొంటాను, 74 బీ 5తో పాటు సాలూరు వైపు 65 ఎన్ షీట్లు కూడా. అవి వచ్చాక ఇంకో వీడియో చేస్తాను. ఈలోగా మీ ఇంట్లో ఎవరి దగ్గరైనా అంచులున్న పాత షీటు ఉంటే కామెంట్లో నంబరు పెట్టండి, అది ఎక్కడిదో నేను చెప్తా.